పొగను కాల్చే పొయ్యి

పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడిగాయి: ఇంట్లోకి కట్టెల పొయ్యి కొనాలి, పొగ తక్కువ రావాలి, ఏది మంచిది? ఉద్యోగం చేసినంత కాలం నేను పొయ్యిల పరీక్షశాలలోనే ఉన్నాను. పొగను తూచడం మా పని. పొగగొట్టం నుంచి కొంత పొగను లాగి తెల్లటి వడపోత కాగితం గుండా పంపేవాళ్లం. ఆ కాగితాన్ని ముందొకసారి, తర్వాత ఒకసారి తూస్తే ఎంత మసి పట్టిందో తేలేది. ఒకే పొయ్యికి ఒక రోజు లేత బూడిద రంగు కాగితం, మర్నాడు కారునలుపు కాగితం రావడం ఎన్నోసార్లు చూశాను. పొయ్యి అదే. కట్టె మారేది, లేదా గాలి మీట మారేది. అందుకే కింది జవాబుల్లో పొయ్యి గురించి ఎంత చెప్పానో కట్టె గురించి, గొట్టం గురించి అంతే చెప్పాను.

ప్రశ్న: మాస్టారూ, గది వేడి కోసం మా ఇంట్లో పాత ఇనుప పొయ్యి ఉంది. తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది. మా అత్తగారికి ఆయాసం. కొత్తది కొందామని వెళ్తే దుకాణంలో 8 కిలోవాట్ల పొయ్యి చూపించి, ‘పెద్దది తీసుకోండి, వేడి ఎక్కువైతే గాలి తగ్గించుకోవచ్చు’ అన్నారు. మా గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 4, ఎత్తు రెండున్నర. ఏం చూసి కొనాలి?

జవాబు: అమ్మా, పెద్దది కొనకండి. మిగతా అన్ని విషయాల్లో రాజీ పడినా ఈ ఒక్క దాంట్లో పడవద్దు.

కట్టె ఎలా మండుతుందో తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. కట్టె వేడెక్కినప్పుడు ముందు అందులోని నీరు ఆవిరవుతుంది. వేడి 200 డిగ్రీలు దాటాక కట్టె లోలోపల విడిపోయి వాయువులుగా, తారు ఆవిరిగా బయటికి రావడం మొదలవుతుంది. ఎండు కట్టె బరువులో దాదాపు ముప్పావు వంతు ఇలా గాలిలో కలిసేదే; మిగిలేది బొగ్గు. మనకు కనిపించే పసుపు మంట ఆ వాయువులది. అవి పూర్తిగా కాలాలంటే సుమారు 600 డిగ్రీల పైన వేడి ఉండాలి, సరిపడా గాలి అందాలి, ఆ గాలితో బాగా కలవాలి, కలిసి కాలడానికి కాస్త వ్యవధి దొరకాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కాలని వాయువు చల్లబడి పొగ అవుతుంది. అంటే పొగ కూడా కట్టే, కాలకుండా తప్పించుకున్న కట్టె. నమ్మకం కుదరకపోతే కొవ్వొత్తిని ఆర్పి, వెంటనే లేచే తెల్లటి పొగ చారకు అగ్గిపుల్ల చూపించండి. మంట ఆ చార వెంట కిందికి దూకి వత్తిని మళ్లీ అంటిస్తుంది.

ఇప్పుడు 8 కిలోవాట్ల పొయ్యిని మీ గదిలో వెలిగించారనుకోండి. కాసేపటికే గదిలో ఉండలేనంత ఉక్క. మీరు గాలి మీట మూస్తారు. మంట అణగిపోతుంది, కట్టె మాత్రం వేడిగానే ఉండి వాయువులు వదులుతూనే ఉంటుంది. వాటికి గాలి లేదు, కాలేటంత వేడీ లేదు. గంటల తరబడి కట్టె కుములుతుంది, గొట్టం లోపల తారు పేరుకుంటుంది, ఊరంతా పొగ వాసన. ‘గాలి తగ్గించుకోవచ్చు’ అని మీకు చెప్పిన సలహా సరిగ్గా పొగ పుట్టించే పద్ధతి. చిన్న పొయ్యి ఎప్పుడూ దాని పూర్తి శక్తితో, నిండు మంటతో మండుతుంది. తక్కువ పొగకు మూలం అదే.

మీ గది 50 ఘనపు మీటర్లు. గోడలు, కిటికీలు ఒక మోస్తరుగా ఉన్న ఇంటికి 14 ఘనపు మీటర్లకు ఒక కిలోవాట్ చొప్పున వేసే లెక్క వాడుకలో ఉంది. ఆ ప్రకారం మీకు మూడున్నర కిలోవాట్లు చాలు. గాలి సందులున్న పాత ఇల్లయితే 10 ఘనపు మీటర్లకు ఒకటి చొప్పున 5 కిలోవాట్లు. వేడి బయటికి పోకుండా గోడలకు, పైకప్పుకు పొర వేయించిన ఇల్లయితే మూడున్నర కన్నా కూడా తక్కువే. కాబట్టి 4 కిలోవాట్లది చూడండి, ఎంత అనుమానం ఉన్నా 5 దాటవద్దు. 20 శాతం తేమ ఉన్న కిలో కట్టెలో సుమారు 4 కిలోవాట్-గంటల వేడి ఉంటుంది. దానిలో నూటికి 75 వంతులు గదికి అందించే పొయ్యి 4 కిలోవాట్లు ఇవ్వడానికి గంటకు కిలో మూడు వందల గ్రాముల కట్టె తింటుంది. గంటకు రెండు చిన్న పేళ్లు వేస్తే సరిపోయే పొయ్యి మీకు కావలసింది.

దుకాణంలో తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి చూడండి. గోడలకు ఇటుక పలకలో, వెర్మిక్యులైట్ అనే వేడి తట్టుకునే ఖనిజంతో చేసిన తేలికైన పలకలో ఉండాలి. మంట చుట్టూ వేడిని పట్టి ఉంచేవి అవే. వట్టి ఇనుప గోడలైతే వేడి త్వరగా జారిపోయి వాయువులు కాలకుండానే చల్లబడతాయి. పైన పొగ తిన్నగా గొట్టంలోకి పోకుండా అడ్డుపలక ఉందా? దాని వల్ల వాయువులు చుట్టు తిరిగి ఎక్కువసేపు వేడిలో ఉంటాయి. ఆ పలక దగ్గరో, వెనక గోడలోనో వరసగా చిన్న రంధ్రాలు కనిపించాలి. అవి రెండో విడత గాలికి దారులు. ఆ గాలి పొయ్యి ఒంట్లోంచి వేడెక్కి వచ్చి పైన వాయువులను తగలబెడుతుంది. పనిచేస్తున్నప్పుడు ఆ రంధ్రాల దగ్గర విడిగా మంట నాలుకలు ఆడటం అద్దంలోంచి కనిపిస్తుంది. చివరగా తలుపు. ఒక కాగితం ముక్క అంచున పెట్టి తలుపు బిగించి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే చుట్టూ ఉన్న సీలు తాడు సరిగా పట్టడం లేదు. తలుపు చుట్టూ నాలుగు చోట్లా ఇలా చూడండి.

ఇక మీ అత్తగారి సంగతి. దీన్ని నేను పక్కన పెట్టలేను. ఎంత మంచి పొయ్యి అయినా తలుపు తెరిచి కట్టె వేసిన ప్రతిసారీ కొంత పొగ గదిలోకి వస్తుంది. ఆయాసం ఉన్న మనిషికి ఆ కొంత కూడా బరువే. ఇంట్లో కరెంటుతోనో, మరే పొగ లేని పద్ధతితోనో గది వేడెక్కించే వీలుంటే ఆవిడ కూర్చునే, పడుకునే గదికి అదే వాడండి, కట్టెల పొయ్యిని వేరే గదికి పరిమితం చేయండి. ఆ వీలు లేకపోతే కొత్త పొయ్యి వచ్చేదాకా పాతదాని సీలు తాడు మార్పించండి. అది సులువైన పని, రేపే చేయించవచ్చు.

ప్రశ్న: ఒక పొయ్యి మీద ‘గంటకు 1.8 గ్రాములు’ అని, మరోదాని మీద ‘ఘనపు మీటరుకు 35 మిల్లీగ్రాములు’ అని ఉంది. ఏది తక్కువ?

జవాబు: ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. మొదటిది గంటలో బయటికి వచ్చిన మసి మొత్తం బరువు; అమెరికా పద్ధతి. రెండోది గొట్టంలోని పొగలో ఒక్కో ఘనపు మీటరులో ఎంత మసి ఉందో చెప్పే చిక్కదనం, ఐరోపా పద్ధతి. ఒక్కొక్కటి దాని సొంత హద్దుతోనే పోల్చి చూడాలి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988లో మొదటిసారి కట్టెల పొయ్యిలకు హద్దు పెట్టింది. తర్వాతి దశలో ఉత్ప్రేరకం (పొగను తక్కువ వేడిలోనే కాల్చే దిమ్మ; దాని సంగతి తర్వాతి జవాబులో) లేని పొయ్యిలకు గంటకు 7.5 గ్రాములు, ఉన్నవాటికి 4.1 గ్రాములు అని తేల్చింది. 2015లో అన్నిటికీ 4.5 గ్రాములు చేసింది. 2020 మే 15 నుంచి 2 గ్రాములే. ఐరోపా సమాఖ్యలో 2022 జనవరి 1 నుంచి అమ్మే మూసి ఉండే కట్టెల పొయ్యికి హద్దు ఘనపు మీటరుకు 40 మిల్లీగ్రాములు, చెక్కపొట్టును అదిమి చేసిన గుళికలు కాల్చే పొయ్యికి 20. కాబట్టి మీరు చూసిన రెండూ వాటి వాటి హద్దుల్లోనే ఉన్నాయి, రెండూ కొద్ది తేడాతోనే.

అంకె కింద ఉండే ఒక చిన్న మాట కూడా చదవమంటాను: ఏ కట్టెతో పరీక్షించారు? అమెరికాలో పాత పద్ధతి ప్రకారం కొలత తప్పకుండా కోసిన డగ్లస్ ఫర్ కలప ముక్కలను మధ్యలో ఖాళీలు ఉండేలా మేకులు కొట్టి చట్రంగా చేసి కాలుస్తారు. అలా చేస్తే ఏ పరీక్షశాలలోనైనా ఫలితం ఒకేలా రావాలని ఉద్దేశం. ఇంట్లో ఎవరూ అలాంటి చట్రం కాల్చరు కదా. అందుకే మామూలుగా చీల్చిన కట్టెలతో పరీక్ష చేయించుకునే వీలు కూడా ఇచ్చి, దానికి హద్దు 2.5 గ్రాములుగా పెట్టారు. నన్నడిగితే, చట్రంతో 1.9 వచ్చిన పొయ్యి కన్నా చీల్చిన కట్టెలతో 2.2 వచ్చిన పొయ్యినే ఎంచుకుంటాను. రెండోది మీ ఇంట్లో జరగబోయేదానికి దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: ఉత్ప్రేరకం ఉన్న పొయ్యి మంచిదా, లేనిదా? ఇద్దరు అమ్మకందారులు రెండు రకాలుగా చెప్పారు.

జవాబు: ఉత్ప్రేరకం అంటే సన్నటి గళ్లున్న ఒక పింగాణీ లేదా లోహపు దిమ్మ. గళ్ల గోడలకు ప్లాటినం, పలేడియం లాంటి లోహాల పూత ఉంటుంది. మామూలుగా 600 డిగ్రీలు కావలసిన పొగ ఈ పూత తగిలితే 260 డిగ్రీల దగ్గరే కాలడం మొదలుపెడుతుంది. అందువల్ల మంట నెమ్మదిగా, ఎక్కువసేపు ఉన్నా పొగ తక్కువగా ఉంటుంది. అది దాని గొప్పతనం.

దానితో పాటు కొంత పని ఉంది. వెలిగించేటప్పుడు పొగ దిమ్మను తప్పించుకుని పోయే దారి తెరవాలి, ఉష్ణమాపకం చూస్తూ తగినంత వేడెక్కాక ఆ దారి మూయాలి. మూయడం మరిచిపోతే ఉత్ప్రేరకం ఉండీ లేనట్టే. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, రంగు కాగితాలు కాలిస్తే పూత పాడవుతుంది. సరిగా వాడినా కొన్నేళ్లకు దిమ్మ మార్చాలి. పొయ్యి పని ఒక్కరే, ఓపికగా చూసుకునే ఇంట్లో ఇది చాలా బాగుంటుంది. ఇంట్లో ఎవరి తీరిక వారిదై, అందరూ తలో పుల్లా వేసే చోట ఉత్ప్రేరకం లేనిదే తీసుకోండి.

ప్రశ్న: తేమ కొలిచే పరికరం కొన్నాను. కట్టెల మీద పెడితే 14 చూపిస్తోంది. అయినా పొగ విపరీతం, అద్దం గంటలో నల్లబడుతోంది. పరికరం తప్పా, పొయ్యి తప్పా?

జవాబు: బహుశా రెండూ కావు. మీరు కట్టె పైభాగంలోనో, చివర్లలోనో కొలిచి ఉంటారు. ఎండేది ముందు అవే. ఒక దుంగను మధ్యకు చీల్చి, అప్పుడే బయటపడ్డ కొత్త ముఖం మధ్యలో, రెండు సూదులు నార వెంట ఉండేలా గుచ్చి చూడండి. పైన 14 ఉన్న కట్టె లోపల 30 ఉండటం వింతేమీ కాదు. బయట చలిలో ఉన్న కట్టెను వెంటనే కొలిచినా పరికరం తక్కువ చూపిస్తుంది. లోపలికి తెచ్చి గది వేడికి వచ్చాక కొలవండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సాధారణంగా కట్టెల తేమ గురించి ‘20 శాతం దాటకూడదు’ అన్నప్పుడు మొత్తం బరువులో నీటి వంతు అని అర్థం. కానీ ఈ పరికరాల్లో చాలా వరకు పూర్తిగా ఎండిన కట్టె బరువుతో పోల్చి నీటిని చూపిస్తాయి. కిలో కట్టెలో 200 గ్రాముల నీరు ఉంటే మొదటి లెక్కలో 20 శాతం. 800 గ్రాముల ఎండు కట్టెకు 200 గ్రాములు కాబట్టి రెండో లెక్కలో 25. మీ పరికరం ఏ లెక్క చూపిస్తుందో దాని కాగితంలో చదివి, దాని ప్రకారం 20 దగ్గరో, 25 దగ్గరో గీత గీసుకోండి.

అప్పుడే కొట్టిన చెట్టులో సగం వరకు నీరే. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికే 2,260 కిలోజౌళ్లు ఖర్చు అవుతాయి. ఆ వేడి గదికి రాకపోవడం నష్టమే, కానీ పొగ విషయంలో అది చిన్న నష్టం. పెద్దది ఏమిటంటే, ఆ ఆవిరి పొయ్యిలోపలి వేడిని 600 డిగ్రీల కన్నా కిందికి లాగేస్తుంది. అప్పుడు నీటితో పాటు కట్టెలోని మంచి వాయువులు కూడా కాలకుండా పోతాయి. మా పరీక్షశాలలో కారునలుపు కాగితాలు ఎక్కువగా ఇచ్చింది పచ్చి కట్టే.

చీల్చని దుంగ ఏళ్లు గడిచినా సరిగా ఎండదు, ఎందుకంటే బెరడు నీటిని పట్టి ఉంచుతుంది. ముందు చీల్చండి, మణికట్టు కన్నా కాస్త లావు పేళ్లుగా. నేలకు తగలకుండా ఎత్తు మీద, గాలి దూరేలా ఎడంగా పేర్చండి. పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. నాలుగు వైపులా పట్టా చుట్టి కట్టేస్తే లోపలి చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. మెత్తటి కలపకు ఆరు నెలలు, గట్టి కలపకు ఏడాది నుంచి రెండేళ్లు ఇవ్వండి. మరీ ఎండగొట్టడం కూడా పనికిరాదు. బట్టీలో ఆరబెట్టి తేమ 10 శాతం కన్నా తగ్గిన కట్టె ఒక్కసారిగా వాయువులు వదిలేస్తుంది; గాలి వాటికి చాలక మళ్లీ పొగే.

ప్రశ్న: కొత్త పొయ్యి పెట్టించాం. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ మొహం మీదికి వస్తోంది. అమ్మినవారు పొయ్యిలో లోపం లేదంటున్నారు.

జవాబు: వారు చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. పొయ్యిలోకి గాలిని లాగే పని గొట్టానిది. గొట్టంలోని వేడి పొగ బయటి గాలి కన్నా తేలిక కనుక పైకి లేస్తుంది, దాని వెనకే కొత్త గాలి పొయ్యిలోకి వస్తుంది. గొట్టం ఎంత పొడుగ్గా, ఎంత వేడిగా ఉంటే అంత బలంగా లాగుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. దగ్గరి కిటికీ కొద్దిగా తెరిచి, తర్వాత పొయ్యి తలుపు తెరవండి. పొగ రాకపోతే మీ ఇంట్లో గాలి చాలడం లేదని అర్థం. వంటింట్లో గాలిని బయటికి తోసే ఫ్యాను తిరుగుతుంటే అది పొయ్యి గొట్టంలోంచి కూడా గాలిని వెనక్కి లాగుతుంది. పొయ్యికి బయటి నుంచి విడిగా గాలి గొట్టం వేయించడమే దానికి మందు.

కిటికీ తెరిచినా పొగ వస్తే గొట్టాన్ని చూడాలి. అడ్డంగా సాగే భాగాలు, మలుపులు ఎన్ని ఉన్నాయి? పొయ్యి నోటి కన్నా గొట్టం వెడల్పుగా ఉందా? వెడల్పు గొట్టంలో పొగ నెమ్మదించి చల్లబడుతుంది. గొట్టం ఇంటి బయటి గోడ వెంట, వేడి నిలిపే పొర లేకుండా పోతోందా? కప్పు దాటిన చోటు నుంచి గొట్టం కనీసం 3 అడుగులు లేచి, 10 అడుగుల దూరంలోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలని ఒక పాత నియమం ఉంది, అది ఇప్పటికీ మంచిదే. పైన పక్షులు రాకుండా పెట్టిన జల్లెడకు మసి పట్టి మూసుకుపోయిందేమో కూడా చూడమనండి.

గొట్టం లోపలి గోడ సుమారు 120 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే తారు ఆవిరి దాని మీద గడ్డకడుతుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. అది అంటుకుంటే గొట్టంలోనే 1,000 డిగ్రీల మంట లేస్తుంది, ఇల్లే తగలబడవచ్చు. ఏడాదికి ఒకసారైనా తెలిసినవారితో గొట్టం దులిపించండి. పొయ్యి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం తప్పకుండా పెట్టండి. ఆ వాయువుకు వాసన, రంగు లేవు. పొగ కళ్లు మండించి లేపుతుంది, ఇది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యి కొనే రోజే, అదే సంచిలో ఆ పరికరం కూడా ఇంటికి రావాలి.

ప్రశ్న: పాత మంచం చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కాల్చవచ్చా?

జవాబు: వద్దు. రంగుల్లో సీసం ఉండవచ్చు, పురుగు పట్టకుండా మందు పెట్టిన పాత కలపలో ఆర్సెనిక్ ఉండవచ్చు, ప్లైవుడ్‌లో జిగురు. సముద్రంలో కొట్టుకొచ్చిన కట్టె కూడా వద్దు; దాని ఉప్పులోని క్లోరిన్ డయాక్సిన్లు అనే విషాలను పుట్టిస్తుంది.

ప్రశ్న: మాది హద్దులకు లోబడిన కొత్త పొయ్యి. అయినా పక్కింటివారు పొగ అని గొడవ పడుతున్నారు. ధ్రువపత్రం చూపించినా వినడం లేదు.

జవాబు: నాయనా, వారి మాట వినండి. ఒక లెక్క వేసి చూపిస్తాను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటున గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని చెప్పింది. గంటకు 2 గ్రాముల మసి వదిలే పొయ్యి తీసుకుందాం, అంటే నేటి అమెరికా హద్దు. 2 గ్రాములు అంటే 20 లక్షల మైక్రోగ్రాములు. దాన్ని ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాముల దాకా పలచన చేయాలంటే 4 లక్షల ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి కావాలి. ఒక్క గంటకు. గాలి కదలని చలి రాత్రి, ఇళ్లు దగ్గరగా ఉన్న చోట అంత గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

ధ్రువపత్రం మీ పొయ్యి పాతవాటికన్నా నయమని చెబుతుంది. పొగ లేదని చెప్పదు. పైగా ఆ అంకె ఎండు కట్టెతో, తెలిసిన చేతులతో వచ్చింది. మీ ఇంటికి వేరే వేడి మార్గం ఉంటే గాలి స్తంభించిన రోజుల్లో పొయ్యి వెలిగించకండి. అదొక్కటే మార్గమైతే కట్టెను చీల్చి కొలవండి, గాలి మీట తెరిచి ఉంచండి, గొట్టం ఎత్తు పెంచవచ్చేమో చూపించండి. పక్కింటి పిల్లలు పీల్చేది మన పొయ్యి గాలే.

ప్రశ్న: వంటకు పొగగొట్టం లేని, చిన్న ఫ్యాను ఉన్న కట్టెల పొయ్యి చూశాను. ‘పొగ రాదు’ అని రాసి ఉంది. నిజమేనా?

జవాబు: కనిపించే పొగ బాగా తగ్గుతుంది, అది నిజం. వంట పొయ్యిల్లో రెండు మంచి ఆలోచనలు ఉన్నాయి. ఒకటి రాకెట్ పొయ్యి. 1980లలో అమెరికాలో లారీ వినియార్‌స్కీ దాని సూత్రాలు రూపొందించాడు. కట్టెల చివర్లు మాత్రమే మండుతాయి, మంట వేడి నిలిపే పొర ఉన్న నిలువు గొట్టంలో లేస్తూ అక్కడే పొగను కాల్చేస్తుంది. రెండోది పైనుంచి అంటించే పొయ్యి, 1985లో థామస్ రీడ్ మొదలుపెట్టిన దారి. కట్టె ముక్కలు నింపి పైన నిప్పు పెడితే మంట కిందికి దిగుతూ వాయువులను పైకి పంపుతుంది, పైన రెండో గాలి వాటిని తగలబెడుతుంది. ఫ్యాను ఆ గాలిని బలంగా కలుపుతుంది.

కానీ గొట్టం లేదు కాబట్టి కాలని ఆ కొంచెం కూడా మీ ఊపిరి దగ్గరే ఉంటుంది. అందుకే మాట నమ్మకుండా అంకె అడగండి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2018లో వంట పొయ్యిలకు 0 నుంచి 5 వరకు మెట్లు పెట్టింది, 5 అన్నిటికన్నా మంచిది. వంటకు అందిన ప్రతి మెగాజౌలు వేడికి సన్నటి ధూళి 62 మిల్లీగ్రాములు దాటకపోతే 4వ మెట్టు, 5 మిల్లీగ్రాములు దాటకపోతే 5వ మెట్టు. ఈ రెండు మెట్లకూ మధ్య ఎంత దూరం ఉందో చూశారుగా. గ్యాసో, కరెంటో అందుబాటులో ఉంటే రోజువారీ వంట వాటి మీదే చేయండి. లేకపోతే ధూళి మెట్టు 4కు తగ్గనిది తీసుకుని, గాలి ఆడే చోట, చూరు కింద వాడండి. ఇళ్లలోని పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షలకు పైగా అయిదేళ్ల లోపు పిల్లలు. పొయ్యి ముందు కూర్చునే తల్లి ఒళ్లో ఉండే పిల్లలు వాళ్లు.

ప్రశ్న: రాత్రంతా నిప్పు నిలవాలంటే ఏం చేయాలి?

జవాబు: మామూలు ఇనుప పొయ్యిలో చేయకండి. నిండా కట్టె కుక్కి గాలి మూసి పడుకోవడం అంటే తెల్లవార్లూ పొగ తయారు చేయడమే. వేడి రాత్రంతా కావాలంటే నిప్పును నిలపడం మానేసి వేడిని నిలపాలి. ఫిన్లాండ్, రష్యాలలో తరతరాలుగా ఉన్న భారీ ఇటుక, రాతి పొయ్యిలు ఆ పనే చేస్తాయి. కట్టెనంతా ఒక్కసారే పూర్తి గాలితో భగ్గున కాల్చేస్తారు. ఆ వేడి పొగ టన్నుల బరువున్న రాతిలో మెలికలు తిరుగుతూ వెళ్లి, గంటల కొద్దీ గదికి సెగ అందుతుంది. వాటి బరువు మోయడానికి నేల కింద విడిగా పునాది కావాలి, కనుక ఇల్లు కట్టేటప్పుడే ఆలోచించాలి.

ప్రశ్న: వెలిగించేటప్పుడే పొగ ఎక్కువగా వస్తోంది. తగ్గించే మార్గం ఉందా?

జవాబు: ఉంది. పుల్లలు కింద, లావు కట్టెలు పైన పేర్చే అలవాటు మార్చండి. లావు పేళ్లు అడుగున, వాటి మీద సన్నవి, అన్నిటి పైన వేలంత చితుకులు పెట్టి, పైన నిప్పు అంటించండి. కింది కట్టె వేడెక్కి వదిలే వాయువులు పైన ఉన్న మంట గుండానే పోవాలి కనుక కాలిపోతాయి. గొట్టం కూడా త్వరగా వేడెక్కుతుంది. గాలి మీట పూర్తిగా తెరిచి ఉంచండి, మధ్యలో కదిలించకండి. మళ్లీ కట్టె వేసేది మంట తగ్గి ఎర్రటి నిప్పులు మిగిలాకే, అదీ ఒకటి రెండు పేళ్లే. అవి బాగా అంటుకునేదాకా గాలి మీట మళ్లీ తెరవండి.

వెలిగించిన 20 నిమిషాలకు బయటికి వెళ్లి గొట్టం చివర చూడండి. వేడి గాలి వణుకు తప్ప రంగు కనిపించకూడదు. ఇంకా పొగ కనిపిస్తుంటే గాలి చాలడం లేదు లేదా కట్టె పచ్చిది; మొదట మీట చూడండి, తర్వాత ఒక కట్టె చీల్చి కొలవండి.